మధ్య అమెరికా ప్యాకేజీ కొనేముందు రోజులు లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

‘పది రోజుల్లో నాలుగు దేశాలు: మాయా శిథిలాలు, అడవులు, నీలి దీవులు’ తరహా ప్రకటనలు చూసి మధ్య అమెరికాకు డబ్బు కట్టబోయే పాఠకుల కోసం ఈ ఉత్తరం. హ్యూస్టన్ నుంచి గ్వాటెమాలా సిటీకి విమానంలో మూడు గంటలే కాబట్టి, అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లతో కలిసి కుటుంబమంతా వెళ్లాలనుకోవడం సహజం. అక్కడి అడవులూ ప్రాచీన మాయా నాగరికత శిథిలాలూ దీవులూ తప్పక చూడదగినవే. కానీ పది రోజుల్లో నాలుగు దేశాలంటే అందులో సగం వ్యాన్‌లోనే అయిపోతుంది.

మ్యాప్ చూస్తే దూరం తెలియదు. గ్వాటెమాలా విస్తీర్ణం 1,08,889 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ కంటే కాస్త తక్కువ. హోండురాస్ దాదాపు తెలంగాణ అంత. బెలీజ్ అందులో ఐదో వంతు. ఇంతే కదా, రోజుకో చోటు చూసేయొచ్చు అనిపిస్తుంది. అయితే గ్వాటెమాలా సిటీ నుంచి టికాల్ మాయా శిథిలాల దగ్గరున్న ఫ్లోరెస్‌కు దాదాపు 500 కిలోమీటర్లు, రోడ్డు మీద పది గంటల పని. గ్వాటెమాలాలోని ఆంటిగ్వా ఊరి నుంచి హోండురాస్‌లోని కోపాన్ మాయా శిథిలాలకు ఆరు గంటలు, అదీ రాజధాని ట్రాఫిక్ మొదలుకాకముందే, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే. కొండ మలుపులు, ఊరూరా ఎత్తయిన స్పీడ్ బ్రేకర్లు, ఎత్తు ఎక్కేచోట నత్తనడక నడిచే లోడు లారీలు, సరిహద్దుల్లో క్యూలు. ఫోన్ చూపించే సమయానికి మరో మూడో వంతు కలుపుకుంటే అసలు పట్టే సమయానికి దగ్గరగా వస్తుంది.

మేం చెప్పేది ఒక్కటే: మూడు దేశాలు చాలు, పద్నాలుగు రాత్రులు ఉండాలి, వెళ్లిన దారిన వెనక్కి రాకూడదు. విమానం టికెట్ గ్వాటెమాలా సిటీలో దిగి, బెలీజ్ సిటీలో ఎక్కేలా తీసుకోవాలి. ఆంటిగ్వాలో రెండు రాత్రులు, కోపాన్‌లో రెండు, రియో దుల్సే - లివింగ్‌స్టన్ నదీతీరంలో రెండు, ఫ్లోరెస్‌లో మూడు, బెలీజ్ సరిహద్దు దాటాక సాన్ ఇగ్నాసియోలో రెండు, చివర కే కాకర్ దీవిలో మూడు. ఈ వరుసలో ఏ ఒక్క రోజూ ప్రయాణం ఏడెనిమిది గంటలు దాటదు. రానూపోనూ టికెట్ చవకగా వస్తోందని గ్వాటెమాలా సిటీకే కొంటే, ఆ మిగిలిన డబ్బుకు దీవి నుంచి రాజధానికి రెండు రోజుల తిరుగు ప్రయాణం చేయాల్సి వస్తుంది.

కోపాన్ తర్వాత కిరిగ్వా అనే మరో మాయా శిథిల నగరాన్ని చూడమని ప్రత్యేకంగా కోరుతున్నాం. చాలా ప్యాకేజీల్లో ఇది ఉండదు. నిజానికి కోపాన్ నుంచి రియో దుల్సే వెళ్లే దారి నుంచి కాస్త పక్కకు మళ్లితే చాలు, అరటి తోటల మధ్య కనిపిస్తుంది, రెండు గంటల్లో చూడొచ్చు. క్రీ.శ. 738లో కిరిగ్వా పాలకుడు తనకంటే ఎంతో బలవంతుడైన కోపాన్ రాజును పట్టుకుని తల నరికించాడు. ఆ కోపాన్ రాజునే పరిశోధకులు ‘18 కుందేలు’ అని పిలిచేవారు. కోపాన్ పెద్ద మైదానంలో చుట్టూ శిల్పాలు చెక్కిన నిలువు రాళ్లు చాలావరకు ఆయన నిలబెట్టించినవే. గెలిచిన కిరిగ్వా తర్వాత అంతకంటే ఎత్తయినవి చెక్కించుకుంది. 771లో నిలబెట్టిన ఒక్క రాయి ఎత్తే 10.6 మీటర్లు. మాయా ప్రపంచంలో ఇంత పెద్ద నిలువు రాయి మరొకటి లేదు. కోపాన్ ఒక్కటే చూస్తే ఆ నగర వైభవం తెలుస్తుంది. రెండూ వరుసగా చూసినప్పుడు చరిత్ర అర్థమవుతుంది.

కోపాన్‌లోని చిత్రలిపి మెట్ల దారి మీద రెండు వేలకు పైగా లిపి చిహ్నాలున్నాయి. తెలిసిన మాయా శాసనాల్లో అతి పొడవైనది అదే. మెట్లలో చాలా భాగం ఎప్పుడో కూలిపోయింది. లిపిని చదవడం రాని రోజుల్లో వాటిని తిరిగి పేర్చడంతో వరుస తారుమారైంది. ఈ సంగతి చెప్పకుండా ‘ఫొటో తీసుకోండి’ అనే గైడ్‌తో వెళితే చూసినదాంట్లో సగం పోయినట్టే. గైడ్ ఫీజు అక్కడే విడిగా కట్టాలా, ప్యాకేజీలో కలిసే ఉందా అన్నది ముందే రాతపూర్వకంగా అడగాలి.

టికాల్‌కు ఫ్లోరెస్ నుంచి గంటన్నర. సూర్యోదయ యాత్ర పేరుతో విడిగా టికెట్ అమ్ముతారు. తెల్లవారుజామున మూడింటికే లేవాలి. చాలా ఉదయాలు నాలుగో నంబరు ఆలయం మీది నుంచి కనిపించేది తెల్లటి పొగమంచే. సూర్యుడు కనిపించకపోయినా, చీకట్లో అరుపు కోతుల గర్జన మైళ్ల దూరం నుంచి వినిపించి మెల్లగా అడవి మేలుకోవడం ఆ డబ్బుకు తగినదే. ముందు ఇది తెలిసి వెళితే నిరాశ ఉండదు. దాదాపు 65 మీటర్ల ఎత్తున్న ఆ ఆలయానికి పక్కగా చెక్క మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద ఆగడమే మంచిది, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే కష్టం. పోస్టర్లలో కనిపించే ఒకటో నంబరు ఆలయం ఎక్కనివ్వరు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. టికెట్‌కు పాస్‌పోర్టు నంబరు అడుగుతారు, కాగితం మీద రాసి పెట్టుకోండి.

చెరువుల నేల నుంచి వెళ్లేవాళ్లు అక్కడ ఆలయాలతో ఆగిపోకూడదు. టికాల్ పక్కన నది లేదు. అంత నగరం వాననీటిని రిజర్వాయర్లలో పట్టుకుని బతికింది. నేలను సున్నపు గచ్చుతో చదును చేసి, ప్రాంగణాల్లో పడిన ప్రతి చుక్కనూ పల్లానికి మళ్లించారు. ఒక రిజర్వాయర్‌లో నీటిని వడకట్టడానికి వాడిన జియోలైట్ అనే ఖనిజం ఆనవాళ్లను పరిశోధకులు గుర్తించారు. ఆ గుంటలు ఇప్పుడు చెట్లు కమ్మేసి పల్లాల్లా కనిపిస్తాయి. గైడ్‌ను అడిగితేనే చూపిస్తాడు.

బృందం ఎంతమంది ఉండాలన్నదానికి ఎనిమిది మా జవాబు. సాన్ ఇగ్నాసియో దగ్గరి ఆక్టున్ తునిచిల్ ముక్నాల్ గుహలోకి ఒక గైడ్ వెంట ఎనిమిది మందినే అనుమతిస్తారు. తొమ్మిదో మనిషి ఉంటే రెండో గైడ్ ఖర్చు అందరి మీదా పడుతుంది. ఈ గుహలోకి వెళ్లేముందు నదిని మూడుసార్లు దాటాలి, గుహ ముఖద్వారం దగ్గర ఈదాలి, ఆపైన నీళ్లలోనే నడవాలి. ఎండిన పైగదిలోకి బూట్లు విప్పి మేజోళ్లతోనే అడుగుపెట్టాలి, కాబట్టి మేజోళ్లు మరిచిపోవద్దు. వెయ్యేళ్లకు పైగా పడి ఉన్న కుండలూ మనుషుల ఎముకలూ అడుగడుగునా ఉంటాయి. ఒక పర్యాటకుడి చేతిలోంచి కెమెరా జారి పుర్రె మీద పడటంతో 2012 నుంచి కెమెరాలు నిషేధించారు, ఫోన్లు కూడా. నది పొంగితే గుహ మూసేస్తారు. ఆ రోజుకు ప్రత్యామ్నాయంగా షునాన్‌తునిచ్ శిథిలాలను పెట్టుకోండి. చేత్తో తిప్పే పంటు మీద నది దాటి వెళ్లడం పిల్లలకు బాగా నచ్చుతుంది.

దీవుల దగ్గరికొస్తే, ఈత రాదన్న మాట సిగ్గుపడకుండా పడవ ఎక్కకముందే చెప్పాలి. లైఫ్ జాకెట్, పట్టుకోవడానికి రింగు ఇస్తారు, గైడ్ పక్కనే ఉంటాడు. 1987లో ఏర్పడిన హోల్ చాన్ రక్షిత సముద్ర ప్రాంతంలో ముఖం నీళ్లలో పెట్టి తేలితే చాలు, పగడపు దిబ్బలూ నర్స్ షార్కులూ స్టింగ్‌రే చేపలూ కనిపిస్తాయి. భయపడి పగడం మీద కాలు పెట్టడమే అక్కడ మనవాళ్లు చేసే పెద్ద హాని. రాయిలా కనిపించినా అది జీవి, తొక్కిన చోట చచ్చిపోతుంది, తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది. సన్‌స్క్రీన్ ఒళ్లంతా పూసుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే ఒళ్లు కాలదు, పగడానికీ మేలు.

బెలీజ్ సముద్రంలోని గ్రేట్ బ్లూ హోల్ అనే పెద్ద గుంట కోసం ప్యాకేజీల్లో చాలా డబ్బు వసూలు చేస్తారు. 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతున్న ఆ గుండ్రటి ఆకారం పైనుంచి చూస్తేనే కనిపిస్తుంది. పడవలో రెండు గంటలకు పైగా బహిరంగ సముద్రంలో కుదుపులు తిని చేరుకుంటే నీటిమట్టం నుంచి కనిపించేది ముదురు నీలం నీళ్లే. లోపలి డైవ్ 40 మీటర్ల వరకు వెళుతుంది, కొత్తవాళ్లకు తగదు. డైవింగ్ రానివాళ్లు ఆ డబ్బుతో చిన్న విమానంలో పైనుంచి చూసి రావడం మేలు. డైవింగ్ చేసేవాళ్లు మాత్రం చివరి డైవ్‌కూ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, కుదిరితే 24 గంటలు వదలాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే గాలి ఒత్తిడి తగ్గితే బుడగలై కీళ్లకూ మెదడుకూ ముప్పు. సముద్రం నుంచి నేరుగా 1,500 మీటర్ల ఎత్తున్న ఆంటిగ్వాకు వ్యాన్‌లో ఎక్కినా ఇదే ప్రమాదం. దీవిని మధ్యలో పెట్టే ప్యాకేజీల్లో ఈ సంగతి పట్టించుకోరు.

కాలం చూసుకోవడం ముఖ్యం. డిసెంబర్ నుంచి మార్చి మొదటి వారాల వరకు మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర గ్వాటెమాలాలో ఎండ మండిపోతుంది, పొలాల కోసం పొదలు కాల్చే పొగ ఆకాశాన్ని కమ్మేస్తుంది. జూన్ నుంచి నవంబర్ వరకు తుపాన్ల కాలం. అమెరికాలో బడి సెలవులు జూన్, జులైలో కాబట్టి చాలా కుటుంబాలు అప్పుడే బయల్దేరతాయి. అలాంటివాళ్లు వాతావరణం వల్ల రద్దయితే డబ్బు తిరిగిచ్చే బీమా తీసుకోవాలి.

శాకాహారులు పస్తులుండక్కర్లేదు. మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుళ్లు, అవకాడో, వేయించిన అరటికాయ, గుడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఇబ్బంది కంటికి కనిపించని చోట ఉంది. రుబ్బిన చిక్కుళ్లను పంది కొవ్వుతో వేయిస్తారు, అన్నం కోడి రసంలో ఉడికిస్తారు, తమాలే అనే మొక్కజొన్న వంటకం పిండిలోనూ కొవ్వు కలుపుతారు. మాంసం వద్దంటే కోడి ముక్కలు వేసి తెచ్చే వంటిళ్లున్నాయి. అందుకే స్పానిష్‌లో ‘సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మాంతెకా, సిన్ కాల్దో’ అని మాంసం, కోడి, కొవ్వు, రసం నాలుగూ వద్దని విడివిడిగా చెప్పాలి. కారం కోసం బెలీజ్‌లో హబనేరో మిరప సాస్ ప్రతి బల్ల మీదా ఉంటుంది. ఇండియా నుంచి 230 వోల్టుల రైస్ కుక్కర్ మోసుకెళ్లకండి, అక్కడ కరెంటు 110-120 వోల్టులు, కుక్కర్ సరిగా వేడెక్కదు.

ఇక పత్రాలు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినా, అమెరికాలో ఉండే గడువు చూపే ఐ-94 పత్రం చెల్లుబాటులో ఉంటే కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి తిరిగిరావచ్చన్న సడలింపు మనవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ సడలింపు గ్వాటెమాలా, హోండురాస్, బెలీజ్‌లకు వర్తించదు. చెల్లే స్టాంపు లేకుండా వెళితే తిరుగు విమానం ఎక్కనివ్వరు, ఆ తర్వాత కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఉద్యోగం, పిల్లల బడి అన్నీ ఆగిపోతాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు అమెరికాలో విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల మధ్య ఉమ్మడి ప్రవేశ ఒప్పందం ఉంది, నాలుగింటికీ కలిపి 90 రోజులు. బెలీజ్ అందులో లేదు. అమెరికా వీసా ఉన్న భారతీయులకు ఏ దేశం ఏ మినహాయింపు ఇస్తుందో ఆయా కాన్సులేట్ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకుని, ప్రింటు తీసి పెట్టుకోవాలి. ఏజెంటు నోటిమాట విమానాశ్రయంలో చెల్లదు.

డబ్బు విషయంలో, కొంచెం చిరిగిన డాలర్ నోటు కూడా గ్వాటెమాలాలో తీసుకోరు, కొత్త చిన్న నోట్లు పట్టుకెళ్లండి. బెలీజ్ డాలర్ రెండయితే అమెరికా డాలర్ ఒకటి. ధర చెప్పినప్పుడల్లా ఏ డాలరో అడగాలి. బెలీజ్ నుంచి రోడ్డు దారిన బయటికొచ్చేటప్పుడు సరిహద్దులో రుసుము కట్టాలి, దానికి విడిగా కొంత ఉంచుకోండి.

2023లో బెలీజ్‌ను మలేరియా రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. గ్వాటెమాలా, హోండురాస్ పల్లపు ప్రాంతాల్లో మలేరియా ఇంకా ఉంది, డెంగీ మూడు దేశాల్లోనూ ఉంది. నెలరోజుల ముందే డాక్టరును కలవండి. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రాయాలి. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కళ్లద్దాలకూ వాచీకీ తగలనివ్వకండి. సూట్‌కేసుల బదులు మెత్తటి సంచి తీసుకోండి. లివింగ్‌స్టన్‌కు రోడ్డు లేదు, సామానంతా లాంచీలోకి ఎక్కాల్సిందే, నీళ్లు చిమ్ముతాయి. పాస్‌పోర్టులూ మందులూ నీరు చొరని సంచిలో, ఒళ్లోనే ఉండాలి. జీన్స్ అడవి తేమలో రెండు రోజులైనా ఆరవు. పల్చటి నూలు తువ్వాలు మాత్రం త్వరగా ఆరుతుంది, మనిషికి రెండు పెట్టుకోండి.

ఇట్లు,
మధ్య అమెరికాకు చిన్న బృందాలను తీసుకెళ్లే తెలుగువాళ్లం,
హ్యూస్టన్