ఓడ టికెట్టుకు తగ్గింపు కోసం ఆగడం మన జిల్లాలకు గిట్టదు

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవులో దసరానో దగ్గరపడితే చాలు, క్రూజ్, అంటే సముద్ర విహార ఓడల, ప్రకటనలు రెండు గొంతులతో ఊదరగొడతాయి. "ఇప్పుడే బుక్ చేస్తే రెండో మనిషికి సగం ధర" అని ఒకటి, "ఆఖరి వారం, మిగిలిన గదులు కారుచౌక" అని ఇంకొకటి. కడప, అనంతపురం, కర్నూలు వైపు నుంచి మొదటిసారి ఓడ ఎక్కాలనుకునే కుటుంబాలు ఎటూ తేల్చుకోలేక నెలలు గడిపేసి, చివరికి ఎక్కువ డబ్బు పోసి ఎవరూ కోరుకోని గది తీసుకుంటున్నాయి. టూర్ బుకింగుల పనిలో ఉన్నవాళ్ళుగా మేం చెప్పేది ఒక్కటే. సముద్రం లేని మన జిల్లాలవాళ్ళు ముందే బుక్ చేసుకోవాలి. అయితే వాపసు వచ్చే అడ్వాన్సుతోనే చేయాలి, ఆఖరి చెల్లింపు తేదీ దాకా ధర మీద కన్నేసి ఉంచాలి. ఆగితే లాభపడేవాళ్ళూ కొందరున్నారు, వాళ్ళ సంగతి కూడా రాస్తాం.

ముందు ధర ఎందుకు పడుతుందో చూడాలి. ఖాళీ గదితో ఓడ రేవు దాటితే ఆ గది మీద కంపెనీకి పైసా రాదు, అందుకే తగ్గిస్తారు. అంతవరకు నిజమే. కానీ ఆ తగ్గింపు అందరూ అనుకునే ఆఖరి వారంలోనే రావాలని లేదు. చాలా విదేశీ ఓడలకు బయల్దేరే రోజుకు 75 నుంచి 90 రోజుల ముందు, దూర ప్రయాణాలైతే 120 రోజుల ముందు పూర్తి సొమ్ము కట్టాలి. అప్పటిదాకా అడ్వాన్సు మీద గదులు పట్టుకున్నవాళ్ళలో కొందరు ఆ గడువుకు ముందు వదిలేస్తారు. ఆ గదులన్నీ ఒక్కసారిగా కంపెనీ చేతికి తిరిగొస్తాయి. ధర దిగితే ఎక్కువగా ఆ తేదీకి అటూ ఇటూ దిగుతుంది. ఇక చివరి రెండు వారాల ఆఫర్లు రేవు ఊళ్ళో కాపురం ఉండి, పెట్టె సర్దుకుని గంటలో ఓడ దగ్గర దిగగలిగినవాళ్ళ కోసం. సింగపూర్ ఓడకైతే సింగపూర్‌వాళ్ళకు, చెన్నై ఓడకైతే చెన్నైవాళ్ళకు అవి పనికొస్తాయి. కడప నుంచి చెన్నై రోడ్డు మీద సుమారు 260 కిలోమీటర్లు.

మిగిలే గదులు ఎలాంటివో కూడా చెప్పాలి. నలుగురు పట్టే గదులు ఓడలో తక్కువ, సెలవుల్లో ముందు అమ్ముడుపోయేవి అవే. ఇక్కడ బయటివాళ్ళకు తెలియని చిక్కు ఒకటుంది. ఓడలో ప్రతి గదిని ఒక మస్టర్ స్టేషన్‌కు, అంటే ప్రమాదం వస్తే చేరాల్సిన చోటుకు, ముందే కేటాయిస్తారు. అక్కడి లైఫ్‌బోట్లు ఎంతమందిని మోయగలవో అంతకు మించి ఒక్కరిని కూడా ఎక్కించరు. దగ్గర్లోని గదుల్లో మూడో మంచం, నాలుగో మంచం నిండిపోయి ఆ లెక్క పూర్తయితే, గది ఖాళీగా కనిపిస్తున్నా ఇద్దరికే ఇస్తారు. "సైటులో గది ఉంది కదా, పిల్లలిద్దరినీ ఎందుకు వేయరు" అని కౌంటరులో వాదనకు దిగేవాళ్ళకు జవాబు ఇదే. రెండు గదులు తీసుకోవాల్సి వస్తే తగ్గింపు మాట అటుంచి ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది.

చౌకగా దొరికేది తరచూ గ్యారంటీ గది. ఏ తరగతో చెబుతారు గానీ గది నంబరు చెప్పరు, అది బయల్దేరే ముందు కంపెనీ ఇష్టం. డెక్కు ప్లాను తీసి ఆ గది పైన ఏముంది, కింద ఏముంది అని చూసినవాళ్ళకు దీని అర్థం తెలుస్తుంది. ఈతకొలను డెక్కుకు సరిగ్గా కింద గది పడితే తెల్లవారకముందే సిబ్బంది కుర్చీలు ఈడ్చే చప్పుడుకు నిద్ర చెడుతుంది. థియేటరు పైన పడితే రాత్రి పాటలు నేలలోంచి వినిపిస్తాయి. ముక్కు భాగంలో పడితే అల కొట్టినప్పుడల్లా ఊపు ఎక్కువ. వాంతుల భయం ఉన్న పెద్దవాళ్ళకు కింది డెక్కులో, ఓడ నడిమధ్య గది మేలు. పైనా కిందా కూడా గదులే ఉండాలి. అలా ఎంచుకునే వీలు ముందు బుక్ చేసినవాళ్ళకే.

ఇప్పుడు లెక్క. అంకెలు ఉదాహరణకే. సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ, నలుగురికి గది 1,20,000 రూపాయలు అనుకుందాం. అందులో పోర్టు చార్జీలు, పన్నులు 24,000. తగ్గింపు వీటికి వర్తించదు, మిగిలిన 96,000 మీదే. 25 శాతం తగ్గిందంటే ఆదా అయ్యేది 24,000. దీనికోసం రెండు నెలలు ఆగితే, ఈలోగా విమాన టికెట్టు మనిషికి 7,000 పెరిగిందంటే నలుగురికి 28,000. తగ్గింపు వచ్చింది, చేతినుంచి 4,000 అదనంగా పోయింది. టిప్పుల కింద మనిషికి రోజుకింత అని వసూలు చేసేదీ, వైఫైకి కట్టేదీ ఎప్పుడు బుక్ చేసినా ఉండేవే. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే ధరలో చాలాసార్లు అవి ఉండవు. ఒక్కరే వెళ్ళేవాళ్ళు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. గది ధర ఇద్దరి లెక్కన వేస్తారు కాబట్టి ఒంటరికి రెండో మనిషి చార్జీ కూడా పడొచ్చు.

రైలు సంగతి వేరే చెప్పాలి. 2024 నవంబరు 1 నుంచి రైల్వే రిజర్వేషను 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే విదేశీ ఓడకు పూర్తి డబ్బు కట్టే నాటికి రైలు బుకింగు ఇంకా మొదలే కాదు. ఓడ ఖాయం చేసుకున్నవాళ్ళు ఆ 60వ రోజు ఉదయమే బెర్తులు తీసుకుంటారు. పదిహేను రోజుల ముందు ఓడ టికెట్టు కొన్నవాళ్ళకు వెయిటింగ్ లిస్టో, తత్కాలో. కడప మీదుగా చెన్నై వెళ్ళే రైళ్ళలో కొన్ని ముంబయి నుంచి వచ్చేవి. అంత దూరం నుంచి వచ్చే బండి ఆలస్యమైతే ఓడ ఆగదు. బయల్దేరే సమయానికి గంట, గంటన్నర ముందే చెక్‌ఇన్ మూసేస్తారు. ముందు రోజు రాత్రికే చెన్నైలో ఉండాలి. విమానం పట్టుకోవాల్సినవాళ్ళలో అనంతపురంవాళ్ళకు కాస్త నయం, బెంగళూరు దేవనహళ్ళి విమానాశ్రయం 44వ జాతీయ రహదారి మీద సుమారు 180 కిలోమీటర్లు. కర్నూలు నుంచి శంషాబాద్ కూడా దాదాపు అంతే దూరం.

పాస్‌పోర్టు, వీసాల విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. ప్రయాణం ముగిశాక కూడా పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సింగపూర్‌లో ఎక్కి మలేసియాలోనో థాయ్‌లాండ్‌లోనో ఆగి తిరిగి సింగపూర్‌లోనే దిగే ఓడకు ఒక్కసారి ప్రవేశించే వీసా చాలదు. యూరప్ ఓడలకు షెంజెన్ వీసా దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపు అయితే తీసుకోరు. ఇక ఆఖరి నిమిషం ఆఫరు ఎక్కడ పనికొస్తుంది?

మనవాళ్ళకు ఎక్కువగా వచ్చే తంటా పేరుతో. ఆధార్‌లో ఇంటిపేరుకు పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, లేదా ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. విదేశీ ఓడ టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ముందుగా బుక్ చేస్తే దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. పూర్తి డబ్బు కట్టాక పేరు మార్చమంటే కొన్ని కంపెనీలు రుసుము వేస్తాయి, కొన్ని రద్దు కింద లెక్కగడతాయి.

ముందు బుక్ చేయడమంటే కళ్ళు మూసుకుని డబ్బు కట్టడం కాదు. అడ్వాన్సు వాపసు వచ్చేదా కాదా అని అడగండి. ఒకే గదికి రెండు ధరలు ఉంటాయి, వాపసు రానిది కాస్త చౌక. ఆ కాస్తకు ఆశపడొద్దు. రసీదు మీద ఆఖరి చెల్లింపు తేదీ రాయించుకోండి. గది తరగతి "బాల్కనీ" అని కాకుండా కంపెనీ కోడుతో సహా రాసుకోండి, ఎందుకంటే బాల్కనీలోనే పలు రకాలుంటాయి. వారానికోసారి అదే తేదీ, అదే కోడు ధర చూడండి. తగ్గితే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, గడువు లోపల కొత్త ధరకు మార్చమని అడగండి. చాలా కంపెనీలు మారుస్తాయి. మార్చే ముందు పాత ఆఫరుతో వచ్చిన వైఫై, ఓడలో ఖర్చుపెట్టుకునే క్రెడిట్ పోతాయేమో చూసి మొత్తం మీద పోల్చుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా క్రూజ్ కంపెనీలు ఇలాంటి కానుకలు ఎక్కువగా కలుపుతాయి. గడువు దాటాక ధర పడితే డబ్బు వెనక్కి రాదు, అడిగితే కొన్నిసార్లు క్రెడిట్ ఇస్తారు. ఆ తర్వాత రద్దు చేసుకుంటే కోత సాధారణంగా సగం నుంచి మొదలై చివరి రెండు వారాల్లో మొత్తం పోయేదాకా వెళుతుంది. గర్భిణులు ఉంటే ప్రయాణం ముగిసేనాటికి 24 వారాలు దాటకూడదని, చంటిపిల్లలకు కనీసం ఆరు నెలలు నిండాలని చాలా ఓడల నియమం. తొమ్మిది నెలల ముందు బుక్ చేసేవాళ్ళు ఇదీ లెక్కేసుకోవాలి.

మా పనిలోనే జరిగే ఒక తప్పు గురించి మేమే చెప్పాలి. అడ్వాన్సు తీసుకుని, ధర పడ్డాక బుక్ చేసి తేడా మిగుల్చుకుందామని ఆగే మధ్యవర్తులు ఉన్నారు. ధర పెరిగితే "గది దొరకలేదు" అంటారు. కాబట్టి డబ్బు కట్టిన రోజే కంపెనీ బుకింగు నంబరు అడిగి, కంపెనీ సైటులోనో ఫోనులోనో మీరే సరిచూసుకోండి. రెండు రోజుల్లో నంబరు ఇవ్వకపోతే డబ్బు వెనక్కి అడగాలి. కువైట్‌లో ఉన్న పిల్లలు ఇక్కడి తల్లిదండ్రుల కోసం డబ్బు పంపే ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరం. కట్టేది ఒకరు, రసీదు ఇంకొకరి దగ్గర, అడిగేవాడు ఎవరూ ఉండడు. విదేశీ టూరు ప్యాకేజీ మీద అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను, టీసీఎస్, ఎవరి పాన్ మీద జమైందో కూడా చూసుకోవాలి. ఆదాయపన్ను రిటర్నులో దాన్ని సర్దుకునేది ఆ పాన్ ఉన్నవారే.

ఎవరు ఆగవచ్చు? ఇద్దరే పెద్దవాళ్ళు, బడి పిల్లలు లేరు, ఏ వారమైనా, ఏ గదైనా ఫర్వాలేదు, కారులో చెన్నై వెళ్ళిపోగలరు అంటే స్వదేశీ ఓడకు ఆగవచ్చు. కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వారి ఎంప్రెస్ ఓడ 2021లో ముంబయి నుంచి తిరగడం మొదలుపెట్టింది. వానాకాలంలో పడమటి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఇటీవలి ఏళ్ళలో జూన్ ప్రాంతంలో చెన్నైకి వస్తోంది. మన బళ్ళు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఆ తర్వాత వారం మధ్యలో బయల్దేరే తేదీలు చూసుకుంటే ఆగినందుకు ఫలితం దక్కే అవకాశం ఉంది. శుక్ర, శనివారాల తేదీలకు ఆశపడొద్దు.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. క్రూజ్ ప్రకటనలు వేసేటప్పుడు పోర్టు చార్జీలు, టిప్పులు కలిపిన మొత్తం ధర, ఆఖరి చెల్లింపు తేదీ, అడ్వాన్సు వాపసు వస్తుందా రాదా అన్న మూడు వివరాలు తప్పనిసరిగా అచ్చు వేయమని ప్రకటనకర్తలను అడగండి. "సగం ధర" అన్న అక్షరాల పక్కనే, అదే సైజులో.

ఇట్లు,
టూర్, టికెట్ బుకింగుల పనిచేసేవాళ్ళం,
కడప.