రాని ఫలితాలకూ థీసిస్‌లో చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పరిశోధక విద్యార్థుల గురించి ఈ మధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. "ఐదారేళ్లు యూనివర్సిటీలో ఉంటారు, ఒకటో రెండో పేపర్లు వేసి డాక్టరేట్ పట్టుకెళ్తారు. మిగతా కాలమంతా ఏం చేస్తున్నట్టు?" అని ఆయన అడిగారు. చదవగానే మనసు చివుక్కుమంది. కానీ అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పాల్సింది కూడా మాలాంటివాళ్లమే.

నేను బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇప్పుడు థీసిస్ రాస్తున్నాను. మిగతా కాలమంతా ఏం చేశానంటే, పని చేయని ప్రయోగాలు చేశాను. ల్యాబ్‌లో పని చేసే ఎవరిని కదిపినా ఇదే చెబుతారు. తెలియనిదాన్ని తెలుసుకోవడానికే పరిశోధన అన్నప్పుడు, చేసినవాటిలో చాలాభాగం బెడిసికొట్టడం వింతేమీ కాదు. ఆ పాఠకుడికి అవి కనిపించకపోవడంలోనూ వింత లేదు, ఎందుకంటే మేమే వాటిని ఎక్కడా కనిపించనివ్వం. థీసిస్‌లోకి వచ్చిన ఫలితాలే ఎక్కుతాయి. రానివి ల్యాబ్ నోట్‌బుక్కుల్లో ఉంటాయి, నోట్‌బుక్కులు బీరువాల్లో ఉంటాయి, రాసినవాళ్లు ఉద్యోగాలు వెతుక్కుంటూ వెళ్లిపోతారు.

దీనివల్ల ఎంత నష్టం జరుగుతోందో నా పని నుంచే చెబుతాను.

నా పరిశోధన ఒక ఎంజైమ్ మీద. దాన్ని పరీక్షించాలంటే ముందు అది తగినంత చేతికి రావాలి. అందుకోసం ఆ ఎంజైమ్ జీన్‌ను ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత ఆ ప్రొటీన్ తయారు చేయిస్తాం. బ్యాక్టీరియా పెరిగాక పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. ప్రొటీన్ సరిగ్గా మడత పడితే పైన తేటలో ఉంటుంది. మడత కుదరకపోతే ముద్దకట్టి అడుగున పెల్లెట్‌లోకి దిగిపోతుంది. రెండింటిలోంచీ కాస్త కాస్త తీసి, ప్రొటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద నడిపి, రంగు వేసి కడిగితే నీలం గీతలు తేలతాయి. నా జెల్ ఎప్పుడు చూసినా ఒకేలా ఉండేది. పెల్లెట్ వరసలో బొద్దుగా, ముదురు నీలంలో ఒక గీత. తేట వరసలో ఆ ఎత్తున ఏమీ లేదు. బ్యాక్టీరియా ప్రొటీన్‌ను దండిగానే చేస్తోంది, కానీ చేసిందంతా ముద్దే.

బ్యాక్టీరియాచేత ప్రొటీన్ తయారీ మొదలుపెట్టించే ఐపీటీజీ అనే రసాయనం మోతాదు తగ్గించాను. ప్రొటీన్‌కు తగిలించే ట్యాగ్ మార్చాను. బ్యాక్టీరియా రకం మార్చాను. బ్యాక్టీరియాను చల్లగా పెంచితే మడత కుదరడానికి వ్యవధి దొరుకుతుందని 37 డిగ్రీల నుంచి 30కి, 25కి దించాను. అంతకంటే కిందికి వెళ్దామంటే అప్పట్లో బ్యాక్టీరియాను కదుపుతూ పెంచే మా షేకర్‌లో కూలింగ్ చెడిపోయి ఉంది. ముద్దను యూరియాలో కరిగించి, యూరియాను మెల్లగా తగ్గిస్తూ మళ్లీ మడత పడనిచ్చే పద్ధతి కూడా చూశాను. రాత్రి వదిలిపెట్టి పొద్దున వచ్చి చూస్తే ట్యూబ్ తెల్లబడి, ప్రొటీన్ మళ్లీ అడుగున చేరి ఉండేది. ఇలా నెలలు గడిచాయి. ల్యాబ్ మీటింగ్‌లో నా వంతు వస్తోందంటే టెన్షన్. చూపించడానికి ఆ జెల్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే బీరువాలు సర్దుతుంటే, నేను చేరకముందే వెళ్లిపోయిన ఒక సీనియర్ నోట్‌బుక్ బయటపడింది. తేదీలతో సహా పొందికగా రాసుకున్నారు. అందులో అదే ఎంజైమ్, అదే పెల్లెట్. 37, 30, 25, 18 డిగ్రీలు, నాలుగింటికీ జెల్ ఫోటోలు అంటించి ఉన్నాయి. ప్రతి ఫోటో కింద పెన్సిల్‌తో "రాలేదు" అని ఉంది. నేను చేసినవాటిలో సగానికి పైగా ఆవిడ ముందే చేసి చూశారు. ఆవిడ థీసిస్‌ను నేను చేరిన కొత్తలోనే లైబ్రరీలో తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఈ ఎంజైమ్ ఊసే అందులో లేదు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. పెట్టమని ఎవరూ అడగరు, పెట్టడానికి ఫార్మాట్‌లో చోటూ లేదు.

ఆ 18 డిగ్రీల ఫోటోను వెలుతురులో పెట్టి చూస్తే, తేట వరసలో సన్నటి గీత ఒకటి లీలగా కనిపించింది. ఆవిడకు కావలసిన మోతాదుకు అది ఏ మూలకూ చాలదు, అందుకే వదిలేశారు. నేను షేకర్ బాగు చేయించుకుని అక్కణ్నుంచి మొదలుపెట్టాను. ఉష్ణోగ్రత 18 దగ్గరే ఉంచి, ప్రొటీన్ చివర నీటికి పొసగని తోకలాంటి భాగాన్ని తీసేసి చూస్తే ఎంజైమ్ తేటలోకి వచ్చింది. పరీక్షిస్తే చురుగ్గా పని చేసింది. నా థీసిస్‌లో మూడో అధ్యాయమంతా దాని గురించే. ఆ ఒక్క ఫోటో ఆవిడ థీసిస్‌లో ఉండి ఉంటే ఆ నెలలన్నీ నాకు మిగిలేవి, కొన్న కెమికల్స్ డబ్బు ల్యాబ్‌కు మిగిలేది.

ఇది మా ఒక్క ల్యాబ్‌లో జరిగేది కాదు. 1979లో రాబర్ట్ రోసెంథాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి 'ఫైల్ డ్రాయర్' సమస్య అని పేరు పెట్టారు. అనుకున్న ఫలితం వచ్చిన అధ్యయనాలు జర్నళ్లకు వెళ్తాయి, రానివి సొరుగుల్లో పడి ఉంటాయి. జర్నళ్లు మాత్రమే చదివేవాళ్లకు సగం సంగతే తెలుస్తుంది. ఇది ఎంతదాకా పోగలదో 2008లో ఎరిక్ టర్నర్ బృందం చూపించింది. డిప్రెషన్ మందుల మీద అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్ తీసుకుని, వాటిలో ఏవేవి అచ్చయ్యాయో వాళ్లు వెతికారు. మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ తేల్చినవి 38. వాటిలో 37 అచ్చయ్యాయి. పనిచేయనివి, సందేహంగా మిగిలినవి కలిపి 36. అందులో ఉన్నదున్నట్టు అచ్చయినవి 3. ఇంకో 11 మందు పనిచేసిందనే అర్థం వచ్చేలా అచ్చయ్యాయి. మిగతా 22 అచ్చే కాలేదు. ఆ మందులు రాసే డాక్టర్లు చదివేది అచ్చయినవే కదా!

మందుల విషయంలో కొంత కట్టుబాటు ఉంది. 2005 నుంచి ప్రధాన వైద్య జర్నళ్ల సంపాదకులు, ట్రయల్‌ను ముందే నమోదు చేస్తే తప్ప ప్రచురించబోమని పట్టుబట్టారు. 2013లో కార్టెక్స్ అనే జర్నల్ ఇంకో అడుగు ముందుకేసి 'రిజిస్టర్డ్ రిపోర్ట్స్' మొదలుపెట్టింది. ప్రయోగం చేయకముందే ప్రశ్ననూ పద్ధతినీ పరిశీలించి ఒప్పుకుంటారు, ఆ తర్వాత ఫలితం ఎటు వచ్చినా వేస్తారు. సైకాలజీలో ఇలా వచ్చిన పేపర్లనూ మామూలు పేపర్లనూ 2021లో పక్కపక్కన పెట్టి చూశారు. పరిశోధకులు ముందు ఊహించినదే నిజమైందన్నవి మామూలు పేపర్లలో 96 శాతం, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతం.

మంచి పద్ధతే, కానీ మాలాంటి ల్యాబ్‌కు కుదరదు. మా పని రోజుకో దారి పడుతుంది, ప్రతి మలుపునూ ముందే నమోదు చేయలేం. పోనీ రాని ఫలితాలనే పేపర్‌గా రాద్దామంటే, వాటికోసమే బయోమెడిసిన్‌లో 2002లో ఒక జర్నల్ మొదలై 2017లో ఆగిపోయింది. అయినా పని చేయని ప్రయోగాన్ని పేపర్‌గా మలచడానికి మళ్లీ కొన్ని నెలలు కూర్చునే తీరిక ఏ స్కాలర్‌కు ఉంటుంది? ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

అందుకే వీటికి తగిన చోటు థీసిస్సే అని నా అభిప్రాయం. దానిలో పేజీలకు కరువు లేదు. కొత్తదనం ఏదని నిలదీసే సంపాదకుడు లేడు. లైబ్రరీలో భద్రంగా ఉంటుంది, ఇప్పుడు చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ పనిని కొనసాగించబోయే జూనియర్ మొట్టమొదట చదివేది దాన్నే.

రాని ఫలితాలతో ఏం లాభం అనేవాళ్లకు 2016లో నేచర్‌లో వచ్చిన ఒక పని గురించి చెప్పాలి. అమెరికాలో హావర్‌ఫర్డ్ అనే చిన్న కాలేజీ రసాయన శాస్త్రవేత్తలు తమ పాత నోట్‌బుక్కులు తిరగేసి, ఎప్పుడూ అచ్చుకెక్కని, బెడిసికొట్టిన రియాక్షన్లన్నిటినీ కంప్యూటర్‌కెక్కించారు. వచ్చినవీ రానివీ కలిపి కంప్యూటర్‌కు నేర్పించి, కొత్త పదార్థాల స్ఫటికాలు ఏ పరిస్థితుల్లో వస్తాయో చెప్పమన్నారు. ఆ అంచనాలు 89 శాతం ఫలించాయి. అనుభవజ్ఞులైన కెమిస్టులు తమ పద్ధతిలో ఎంచుకున్నవి 78 శాతం. వచ్చినవే చూపించి ఉంటే ఎక్కడ రాదో కంప్యూటర్‌కు తెలిసే వీల్లేదు. కొత్తగా చేరిన విద్యార్థికైనా అంతే.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. థీసిస్ చివర ఒక అనుబంధం. ఏ ప్రయోగం చేశారు, ఏ పరిస్థితుల్లో చేశారు, కంట్రోల్ (పోల్చి చూడటానికి పక్కనే చేసే, ఫలితం ముందే తెలిసిన ప్రయోగం) పని చేసిందా లేదా, ఎందుకు ఆపేశారు, జెల్ ఫోటో లాంటిది ఉంటే అది. కథనం అక్కర్లేదు, ఒక పట్టిక చాలు.

ఈ మాట మా డిపార్ట్‌మెంట్‌లో ఎత్తితే ఒక అధ్యాపకుడు అన్నారు: "రాలేదంటే పద్ధతి తప్పో, చెయ్యి తప్పో ఎలా తెలుస్తుందమ్మా? చేతకానితనమంతా థీసిస్‌లో పెడతామా?" సరైన అభ్యంతరమే. కంట్రోల్ గురించి రాయాలన్నది అందుకే. పక్క ట్యూబ్‌లో తెలిసిన ప్రొటీన్ చక్కగా వచ్చి, అదే రోజు, అదే బఫర్‌తో మనది రాకపోతే, దాన్ని చెయ్యి తప్పని కొట్టిపారేయలేం. కంట్రోల్ కూడా పోతే ఆ ప్రయోగాన్ని పట్టికలో చేర్చకూడదు. ఈ తేడా చూడగలిగినవాళ్లే కదా థీసిస్ పరీక్షించేది! వైవాలో ఈ పట్టిక మీద నాలుగు ప్రశ్నలు అడిగితే, ఆ విద్యార్థికి తన పని ఎంత తెలుసో వచ్చిన ఫలితాల మీద అడిగినదానికంటే బాగా బయటపడుతుందని నా నమ్మకం. పేటెంట్ వ్యవహారాలున్నచోట కొంతకాలం ఆపుకోవచ్చు, దానికి ఇప్పటికే పద్ధతులున్నాయి.

ఇంకొక సంగతి, ఇది నాకు అన్నిటికంటే దగ్గరిది. పీహెచ్‌డీ విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద 2018లో నేచర్ బయోటెక్నాలజీలో ఒక సర్వే వచ్చింది. 26 దేశాల నుంచి 2,279 మంది జవాబిచ్చారు, ఎక్కువమంది పీహెచ్‌డీ విద్యార్థులే. వాళ్లలో 39 శాతం మందిలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. మామూలు జనంలో అది 6 శాతం. ఇష్టమున్నవాళ్లు జవాబిచ్చిన సర్వే కాబట్టి ఆ అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. దీనికి కారణాలు కూడా చాలా ఉంటాయి. డబ్బు, గైడ్‌తో సంబంధాలు, రేపటి ఉద్యోగం మీద బెంగ. నాకు దగ్గరగా తెలిసిన కారణం మాత్రం ఒకటుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా శ్రద్ధగా పని చేసి, సెమినార్‌లో నిలబడి "ఈ నెల ఏమీ లేదు" అని చెప్పుకోవాల్సి రావడం. చేసిన పనంతా ఉంది, జెల్స్ ఉన్నాయి, నోట్‌బుక్ నిండింది, కానీ లెక్కలో సున్నా. ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చిందమ్మా?" అని ప్రేమగా అడిగినా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మా పక్క ల్యాబ్‌లో నాకంటే తెలివైన కుర్రాడు ఒకడు ఇలాగే మధ్యలో మానేసి వెళ్లిపోయాడు. అతను చేసిన పనికి ఇప్పుడు ఎక్కడా ఆనవాలు లేదు. ఆ సమస్య మీదే వచ్చే ఏడాది ఇంకెవరో చేరతారు.

నా థీసిస్‌లో ఈ అనుబంధం పెడతానంటే మా గైడ్ ఒప్పుకున్నారు, "ఫార్మాట్‌లో లేదు, కమిటీ ఏమంటుందో చూద్దాం" అన్నారు. ఆ సీనియర్‌కు కూడా ఫోన్ చేసి, ఆవిడ ఫలితాలను ఆవిడ పేరుతోనే చేర్చవచ్చా అని అడిగాను. సంతోషంగా సరేనని, ఒరిజినల్ ఫోటో ఫైళ్లు వెతికి పంపారు. అయితే ఇది గైడ్ మంచితనం మీదా, విద్యార్థి పట్టుదల మీదా నడవాల్సిన విషయం కాదు. థీసిస్ ఫార్మాట్ నిర్ణయించే కమిటీల్లోని ప్రొఫెసర్లు మీ పత్రిక చదువుతారు. ఫార్మాట్‌లో అనుబంధాల జాబితా ఎలాగూ ఉంటుంది, అందులో 'ఫలితం రాని ప్రయోగాలు' అని ఒక్క పంక్తి చేర్చమని వారిని కోరుతున్నాను. సినాప్సిస్‌కు (థీసిస్ సారాంశానికి) ముందు జరిగే సెమినార్‌లోనూ దీనికి పది నిమిషాలు కేటాయిస్తే, కొత్తగా చేరినవాళ్లు అక్కడే అడిగి తెలుసుకుంటారు.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
బయోకెమిస్ట్రీ విభాగం