ఐస్‌లాండ్‌లో 1975: ఒక్క రోజు సమ్మె, దాని వెనకా ముందూ

సంపాదకుల వారికి,

నమస్కారం. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ మహిళలు ఇంటా బయటా పని మానేసిన ఉదంతం మన పత్రికల్లో అప్పుడప్పుడు, ముఖ్యంగా మార్చి 8 దగ్గరపడినప్పుడు, కనిపిస్తూ ఉంటుంది. స్త్రీలంతా ఒక్క రోజు పని ఆపారు, దేశం స్తంభించింది, సమానత్వం వచ్చేసింది అన్నట్టుగా ముగిసే ఆ కథనాలు చదివినప్పుడల్లా నాకు అసంతృప్తే మిగులుతోంది. ఆ ఏడాది ఆ దేశంలో ఇంకా ఏం జరిగిందో, ఆ రోజు తర్వాత ఎన్నేళ్లు పోరాడవలసి వచ్చిందో కూడా చెబితే గాని దాని అసలు విలువ బోధపడదని నా అభిప్రాయం.

అప్పట్లో ఐస్‌లాండ్ జనాభా సుమారు 2,20,000 మాత్రమే. చేపల ఎగుమతే ఆ దేశానికి ప్రధాన జీవనాధారం. ఆ ఏడాది అక్టోబరు 15న ప్రభుత్వం తన మత్స్య పరిధిని, అంటే చేపల వేట హక్కు తనదేనని చెప్పుకునే సముద్ర భాగాన్ని, 50 నుంచి 200 నాటికల్ మైళ్లకు పెంచింది. బ్రిటన్ అందుకు అంగీకరించకపోవడంతో మూడో 'కాడ్ యుద్ధం' (కాడ్ అనే చేపల వేటపై తగాదా) మొదలై, యుద్ధనౌకల కాపలాలో వేటాడే బ్రిటిష్ ట్రాలర్ల వలలను ఐస్‌లాండ్ తీర రక్షక నౌకలు కోసివేసే దాకా వెళ్లింది. 1976 జూన్‌లో గాని అది సద్దుమణగలేదు. (మన దేశం కూడా 1976లోనే చట్టం చేసి సముద్రంలో 200 మైళ్ల మేర ప్రత్యేక ఆర్థిక మండలిని ఏర్పరచుకుంది, తీర ప్రాంతంలో ఉండే మాబోటి వారికి ఆ సంఖ్య కొత్తది కాదు.) ఇవి చాలవన్నట్టు డిసెంబరు 20న ఉత్తర ప్రాంతంలోని క్రాఫ్లా అగ్నిపర్వతం, పక్కనే భూతాప విద్యుత్కేంద్రం నిర్మాణం సాగుతుండగా, బద్దలైంది.

మత్స్య పరిధి పెంచిన తొమ్మిది రోజులకే మహిళలు పని మానారు. దేశం సముద్రం కోసం కొట్లాడుతున్న వేళ సమానత్వమనే తమ కోరికను వారు వెనక్కి నెట్టుకోలేదు. నిజానికి ఆ రెండూ వేర్వేరు విషయాలు కూడా కావు. ఏ చేపల కోసం దేశం బ్రిటన్‌తో తలపడిందో, ఆ చేపలను ఒడ్డున కర్మాగారాల్లో శుభ్రం చేసి, ముక్కలు కోసి, ఎగుమతికి సిద్ధం చేసిన చేతుల్లో చాలా మటుకు స్త్రీలవే. అయినా స్త్రీల సగటు సంపాదన పురుషుల సంపాదనలో 60 శాతం కూడా ఉండేది కాదు. 60 మంది సభ్యుల పార్లమెంటులో మహిళలు ముగ్గురే.

ఐక్యరాజ్యసమితి 1975ను అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించిన సందర్భాన్ని ఆసరా చేసుకుని, 'రెడ్‌స్టాకింగ్స్' అనే స్త్రీవాద సంఘం మొదట సమ్మెనే ప్రతిపాదించింది. మితవాద సంఘాల వారు అందుకు జంకడంతో, అందరూ కలిసి దానిని 'సెలవు దినం'గా మార్చుకున్నారు. సెలవు పెట్టిన మనిషిని ఉద్యోగం నుంచి తీసేయడం యజమానికి అంత తేలిక కాదు. ఈ సర్దుబాటు వల్లనే దేశంలోని మహిళల్లో దాదాపు 90 శాతం మంది అందులో పాల్గొనగలిగారు. రాజధాని రెయిక్యావిక్‌లోని సభకు సుమారు 25,000 మంది వచ్చారు. బడులు, శిశు విహారాలు, కర్మాగారాలు మూతపడ్డాయి. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లారు. రేడియోలో వార్తలు చదువుతుంటే వెనక నుంచి పిల్లల అల్లరి వినిపించిందని, సులువుగా వండుకోగల సాసేజీలు దుకాణాల్లో అయిపోయాయని ఆనాటి వారు చెబుతారు.

మరుసటి ఏడాదే సమానత్వ చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్ ముగ్గురు పురుష అభ్యర్థులపై స్వల్ప ఆధిక్యంతో నెగ్గి, ప్రజలు ఎన్నుకున్న ప్రపంచంలోని తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఆ అక్టోబరు రోజు లేకపోతే తాను ఆ పదవికి వచ్చేదాన్నే కాదని ఆమే చెప్పారు.

మన కథనాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అయితే జీతాల్లో తేడా మాత్రం తొలగిపోలేదు. అందుకే 2005 అక్టోబరు 24న మహిళలు మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలకు పని ఆపి బయటికి వచ్చారు. పురుషుల జీతంతో పోల్చి లెక్క వేస్తే, ఆ నిమిషం నుంచి తాము ఉచితంగా పనిచేస్తున్నట్టే అని చాటడం వారి ఉద్దేశం. 2016లో ఆ సమయం 2 గంటల 38 నిమిషాలు. అంటే పదకొండేళ్ల పోరాటానికి దక్కింది అరగంట! చివరికి 2018 జనవరి నుంచి అమలైన చట్టం వేతనం సమానమేనని నిరూపించే భారాన్ని యజమాని మీదికి మార్చింది. 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు సమాన పనికి సమాన వేతనం ఇస్తున్నట్టు తామే నిరూపించుకుని ధ్రువపత్రం పొందాలని నిర్దేశించింది. అయినా 2023 అక్టోబరు 24న మహిళలు మళ్లీ రోజంతా పని మానారు, నాటి ప్రధాని కత్రిన్ యాకబ్స్‌దోత్తిర్‌తో సహా.

అదే మహిళా సంవత్సరంలో, 1975 సెప్టెంబరులో, మన దేశంలోనూ సమాన వేతన ఆర్డినెన్సు వచ్చి 1976లో చట్టమైంది. దానిని తర్వాత 2019 వేతనాల కోడ్‌లో కలిపారు. కాగితం మీద మనం ఐస్‌లాండ్ కంటే వెనకబడి లేము. కానీ నాట్లకో కలుపుకో వెళ్లే ఆడకూలీకి మగకూలీ కంటే తక్కువ ఇవ్వడం మన ఊళ్లలో ఇప్పటికీ మామూలు విషయంగానే చెల్లుబాటవుతోంది. అన్యాయం జరిగిందని ఫిర్యాదు చేయవలసిన బాధ్యత తక్కువ కూలి తీసుకునే ఆమె మీదే ఉంది; మర్నాడు పనికి పిలవరేమోనన్న భయంతో ఆమె నోరు మెదపదు. ఇంటిపని సంగతి చెప్పనే అక్కరలేదు: 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి దాన్ని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

వేతనాల కోడ్ కింద నియమాలు రూపొందించే అధికారం రాష్ట్రాలకు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ముందుగా తమ శాఖలకు మనుషులను సమకూర్చే పొరుగు సేవల ఏజెన్సీల చేతనైనా, ఏ పనికి స్త్రీలకు ఎంత, పురుషులకు ఎంత చెల్లిస్తున్నారో ఏటా బహిరంగంగా ప్రకటింపజేయాలని కోరుతున్నాను. తమ పత్రిక ఈ అంశంపై రెండు రాష్ట్రాల కార్మిక శాఖల వివరణ అడిగి ప్రచురిస్తే పాఠకులకు మేలు చేసినవారవుతారు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
కాకినాడ