వార్షిక నివేదిక: క్షేత్ర కార్యకర్తలకు అండగా మన ఏడాది పని

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఆశయాలు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్ళు మధ్యలో మానేయకుండా వెన్నంటి ఉండే మన కార్యకర్తలకు ఈ ఏడాది మనం ఏం చేయగలిగాం, ఎక్కడ వెనకబడ్డాం అన్నదే ఈ నివేదిక.

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడి, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంత తగ్గి అలాగే నిలిచినవాళ్ళ నుంచి లైంగికంగా ఇంకొకరికి వైరస్ సోకదు. మానేస్తే మాత్రం కొన్ని వారాల్లోనే మళ్ళీ పెరుగుతుంది. మందులకు రావాల్సిన తేదీ దాటి 28 రోజులైనా రానివాళ్ళను చాలాచోట్ల చికిత్సకు దూరమైనవాళ్ళ లెక్కలో రాస్తారు. మన కార్యకర్తలు అన్నాళ్ళు ఆగరు, మొదటి వారంలోనే ఫోన్ చేస్తారు.

ఆ ఫోన్ ఎలా చేస్తారో ఒకరోజు ఒక కార్యకర్త పక్కనే కూర్చుని విన్నాను. అవతల వేరే గొంతు పలకగానే ఆమె "మళ్ళీ చేస్తానండీ" అని పెట్టేసింది. క్లినిక్ పేరెత్తలేదు. సాయంత్రం చేస్తే ఆ మనిషే తీశాడు. మందులకు ఎందుకు రాలేదని అడగలేదు, ఒంట్లో ఎలా ఉందని అడిగింది. కాసేపటికి తనే చెప్పుకొచ్చాడు. డబ్బా తీస్తే మాత్రలు గలగలమంటున్నాయట, ఇంట్లో ఎవరైనా వింటారని టెన్షన్. చప్పుడు కాకుండా ఎలా పెట్టుకోవాలో ఫార్మసిస్టును అడిగి చెబుతానంది, మర్నాడు గేటు దగ్గర నిలబడి లోపలికి తీసుకెళ్ళింది. ఎవరింటికైనా వెళ్ళాల్సి వస్తే, వీధి మొదట్లోనే మెడలోని ఐడీ కార్డు తీసి సంచిలో వేసుకుంటుంది. ఇది ఏ శిక్షణలోనూ ఎవరూ నేర్పింది కాదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది కార్యకర్తల సమ్మేళనం. ఉపన్యాసాలు వద్దనుకుని మైకు వాళ్ళకే ఇచ్చాం. వాళ్ళలో చాలామంది తామూ ఆ మందులే వాడుతున్నవాళ్ళు. ఒకామె లేచి, తను ఏళ్ళ తరబడి వెంట తిరిగిన పేషెంట్ చనిపోయిన రోజు గురించి చెప్పింది. "ఆ రోజు కూడా డైలీ రిపోర్టు రాసి ఇచ్చానండీ, ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు" అంది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పటి నుంచి నెలకోసారి రిపోర్టులు, టార్గెట్లు లేకుండా కౌన్సెలర్‌తో కలిసి కూర్చునే ఏర్పాటు చేశాం. ఒక్క నెల కూడా తప్పలేదు.

ముందు వరుస కుర్చీలు అధికారుల కోసం ఉంచాం. రెండుసార్లు ఉత్తరం ఇచ్చాం, ఫోన్ చేశాం, వస్తామన్నారు. మధ్యాహ్నం దాకా చూసి కార్యకర్తలనే వచ్చి కూర్చోమన్నాం. ఈ బాధ దాచుకోలేను. సమాజ ఆరోగ్య కార్యకర్తలకు పనికి తగ్గ వేతనం ఇవ్వాలని, రాతపూర్వక ఒప్పందం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫార్సు చేసింది. మనం ఒప్పందాలు రాసి ఇచ్చాం, ప్రయాణ ఖర్చులు ఏ నెలవి ఆ నెలే ఇస్తున్నాం. వేతనం మాత్రం మన సంఘం ఒక్కటే మోయగలిగేది కాదు. ఆ మాట అధికారుల ముందు చెబుదామనే పిలిచాం.

మన సభ్యులనూ ఒక మాట అనక తప్పదు. కిందటి సభలో వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ కనిపించలేదు. పని ఉండొచ్చు, కాదనను. రాలేమని ముందే చెబితే వేరేవాళ్ళను చూసుకునేవాళ్ళం. ఆ బరువు చివరికి కార్యకర్తల మీదే పడింది.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం, కోశాధికారి వివరిస్తారు. ప్రయాణ ఖర్చుల పద్దు పెరిగింది, కారణం పైన చెప్పాను.

హాలు ఇచ్చినవారికి, ఫీజు తీసుకోకుండా వచ్చే కౌన్సెలర్‌కు, ఎప్పుడు అడిగినా విసుక్కోని ఫార్మసిస్టులకు, ల్యాబ్ సిబ్బందికి, విరాళాలిచ్చిన సభ్యులకు, రాత్రి వేళ వచ్చే ఫోన్లను ఓర్చుకుంటున్న కార్యకర్తల కుటుంబాలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి వాలంటీర్ల రిజిస్టరు కొత్తది తెరిచాం, సభ అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది. నెలకు ఒక్క పూట ఇవ్వగలిగినా సరే, ఏ పూటో రాసి సంతకం చేయండి.

ఇట్లు,
కార్యదర్శి