చరిత్ర మాస్టారు వీసీ అయితే

సంపాదకులు గారికి నమస్కారం. యూనివర్సిటీ వీసీ (వైస్ ఛాన్సలర్) పోస్టుల మీద మీ పేపర్లో వస్తున్న లెటర్స్ చదువుతున్నా, ఎవరి మనిషికి సీటు వచ్చింది అనే గొడవే తప్ప ఆ సీట్లో కూర్చుని ఏం చెయ్యొచ్చో ఎవరూ రాయట్లేదు, అందుకే వీసీగా చేసిన బ్రిటన్ చరిత్రకారుడు ఆసా బ్రిగ్స్ గారి గురించి చెప్పాలనిపించింది. 1921లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టారు, కేంబ్రిడ్జ్‌లో హిస్టరీ చదువుతూనే లండన్ యూనివర్సిటీ ఎకనామిక్స్ డిగ్రీకి బయటి నుంచే పరీక్షలు రాసి 1941లో రెండూ ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు. యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల రహస్య కోడ్లు విప్పే పని. తర్వాత లీడ్స్‌లో ప్రొఫెసర్, 1961లో కొత్తగా పెట్టిన ససెక్స్ యూనివర్సిటీకి వెళ్లి 1967 నుంచి 1976 దాకా అక్కడే వీసీ.

నాకు బాగా నచ్చింది ససెక్స్ పద్ధతే. డిపార్ట్‌మెంట్ల గోడలు కట్టకుండా స్కూల్స్ అని పెట్టి, హిస్టరీ పిల్లలు పక్క సబ్జెక్టులు కూడా కలిపి చదివేలా చేశారు. అంత పనిలోనూ రాయడం మానలేదు, బ్రిటన్ రేడియో టీవీల చరిత్రే ఐదు వాల్యూములు!

బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ప్లానింగ్ కమిటీలోనూ ఉన్నారు, 1978 నుంచి 1994 దాకా దానికి ఛాన్సలర్. మన హైదరాబాద్‌లో 1982లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీలో ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ కట్టిన వాళ్లకి ఆ ఐడియా విలువ తెలుసు.

ఇకపై వీసీ నియామకం వార్త వేసినప్పుడు ఆ కొత్త వీసీ ఏం పాఠం చెప్పారో, ఏం రాశారో కూడా రెండు లైన్లు వెయ్యండి సార్.

– ఒక పాఠకుడు, హనుమకొండ