గురువారం కడుపునొప్పులు, ఒక డబ్బా మాత్రలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గురువారం తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు కడుపునొప్పితో ఇంటికి వెళ్లారు. పొద్దుగూకేలోపే బడి భోజనం వికటించిందని ఊరంతా పాకింది. ఆ రోజు అదే కూర, అదే గుడ్డు నేనూ తిన్నాను. పిల్లలు విరామంలో పంచుకుని మింగినవి ఒక ఇంటి అలమరలోంచి వచ్చిన ‘మేని మెరుపు’ మాత్రలు. డబ్బా మీద యాంటీఆక్సిడెంట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. ముగ్గురూ ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

ఎండ, పొగ వల్ల ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పెరిగి కణాలను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను తగ్గించేవే యాంటీఆక్సిడెంట్లు. వాటిలో ఒకటైన విటమిన్ సి లేనిదే చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ సరిగా తయారు కాదు. విటమిన్ సిని మన శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. నూరు గ్రాముల కమలాపండులో అది 50 మిల్లీగ్రాములుంటే, జామకాయలో 200 దాకా ఉంటుంది! మునగాకులో కెరోటిన్ అనే మరో యాంటీఆక్సిడెంటు ఉంది, కాస్త నూనెలో వేయిస్తే ఒంటికి బాగా పడుతుంది. ఇవేవీ ఒంటి రంగు మార్చవు. మన పిల్లల రంగు మారవలసిన అవసరమూ లేదు. మాత్రలైతే ఇంకా మేలనుకోకండి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది.

శుక్రవారం ఎనిమిదో తరగతి పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఒక పరీక్ష చేశారు. పలచటి గంజిలో అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలమైంది. అందులో జామరసం చుక్క చుక్కగా వేస్తుంటే, రసంలోని విటమిన్ సి వల్ల నీలం విరిగి గంజి మళ్లీ తెల్లబడింది. దుకాణంలో కొన్న రంగునీళ్ల సీసా సగం ఒంపినా నీలం అలాగే ఉంది. చేసింది పడవల రేవు నుంచి నడిచి వచ్చే ఇద్దరు పిల్లలు. వాళ్లను చూసి నాకు మాట రాలేదు.

మీ అందరి మీదా గౌరవంతోనే అడుగుతున్నాను. పెరట్లో జామకాయలు చిలకలు కొట్టి రాలిపోతుంటే పిల్లల సంచిలో రోజూ చిప్స్ పొట్లం ఎందుకు? కూరలో కరివేపాకు ఏరి పారేయడం వాళ్లు ఎవరిని చూసి నేర్చుకున్నారు? మందుల డబ్బాలు దయచేసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

పరీక్షలు సోమవారం మొదలు, వర్షం వస్తే కాలువగట్టు మీద సైకిళ్లు వద్దు.

కడియం నర్సరీ నుంచి జామ అంట్లు ఇరవై తెప్పించాను. పెరట్లో జామచెట్టు లేనివారు శనివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు