అప్ప ఎవరు? అక్కా, నాన్నా?

సంపాదకులకు,

మన 'అప్ప', కొరియా వాళ్ళు నాన్నని పిలిచే 'అప్పా' ఒకటేననీ, కాబట్టి తెలుగూ కొరియన్ అక్కచెల్లెళ్ళనీ ఫోన్లలో తిరుగుతున్న జాబితాను మీ ఆదివారం పేజీలో ఉన్నదున్నట్టు వేశారు. పక్కన అమ్మ–ఒమ్మా (అమ్మ), నా–నా (నేను), నాడు–నాల్ (రోజు) కూడా పేర్చారు. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్ళకి మొదటి మాట దగ్గరే చుక్కెదురైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు లాగే ఇక్కడా అప్ప అంటే అక్క. "అప్పా, బావొచ్చాడే" అని కేకేస్తే పలికేది నాన్న కాదు.

కన్నడంలో అప్ప, తమిళంలో అప్పా తండ్రే. తెలుగు నిఘంటువులు తండ్రి, అక్క అని రెండర్థాలూ ఇస్తాయి. వీరప్ప, తిమ్మప్ప లాంటి పేర్ల చివర అదే మాట గౌరవానికి చేరింది. ఒడియాలో అపా అంటే అక్క. ఉర్దూలో ఆపా అన్నా అక్కే, కాని అది తుర్కిక్ భాషల నుంచి వచ్చిన మాట; ఆ కుటుంబానికే చెందిన కిర్గిజ్‌లో అపా అంటే తల్లి. హంగేరియన్‌లో అపా తండ్రి, ఆ భాషది ఉరాలిక్ కుటుంబం. జార్జియన్‌కి వెళితే ఇంకా చిత్రం: అక్కడ 'మామా' అంటే నాన్న, 'దేదా' అంటే అమ్మ. ఒక్క మాట పోలికతో చుట్టరికం కలిపేట్టయితే వీళ్ళందరినీ ఒకే పెళ్ళిపందిట్లో కూచోబెట్టాలి.

ఇలాంటి మాటలు అంతటా ఎందుకు పుడతాయో రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లోనే వివరించాడు. పసిబిడ్డకి ముందుగా పట్టుబడేవి పెదవులు మూసి తెరిస్తే వచ్చే మ, ప, బలు, నోరు బాగా తెరిస్తే వచ్చే 'ఆ'. పాలు తాగుతూ నోరు మూసుకుని ఉన్న బిడ్డ ముక్కుతో తీసే మూలుగు మకారానికి దగ్గరగా ఉంటుంది, అందుకే అది ఎక్కువగా తల్లికి అతుక్కుంది. జార్జ్ మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త రకరకాల భాషల నుంచి సేకరించిన 1,072 మాటల్లో (తల్లికి 531, తండ్రికి 541) తల్లిని చెప్పే వాటిలో 55 శాతం మ, న వంటి అనునాసికాలతో ఉన్నాయి, తండ్రిని చెప్పేవి 15 శాతమే. బిడ్డ పలికేది వట్టి శబ్దం. అది ఎవరిని పిలిచినట్టో తేల్చేది ఇంట్లో పెద్దలు. ఒక ఊళ్ళో నాన్న పలికాడు, ఒక ఊళ్ళో అక్క పలికింది.

అందుకని భాషల బంధుత్వం చూసేవాళ్ళు అమ్మ, అప్ప, తాత లాంటి పిలుపు మాటల్ని ముందే పక్కన పెడతారు. కాకి లాంటి ధ్వన్యనుకరణలనీ, అరువు మాటలనీ కూడా అంతే. ఆ తర్వాత నీరు, నిప్పు, కన్ను, ముక్కు, రాయి, చెట్టు వంటి నిత్యావసర అర్థాల జాబితా (స్వదేశ్ అనే పండితుడిది వంద మాటలది ఉంది) ముందు పెట్టుకుని, ఏరుకోకుండా రెండు భాషల మాటలూ ఎదురెదురుగా రాస్తారు. అర్థం ముందు ఖాయం కావాలి, శబ్దం తర్వాత చూడాలి. ఫోన్ జాబితాలన్నీ దీన్ని తిరగేసి చేస్తాయి: శబ్దం కలిసిన మాట దొరకగానే అర్థాన్ని సాగదీస్తాయి. వేల మాటల్లో వెతికితే ఏ రెండు భాషలకైనా పాతికో ముప్ఫయ్యో దొరక్కపోవు. ఆస్ట్రేలియాలోని మ్బబరం భాషలో కుక్కని 'డాగ్' అనేవారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదు, 'గుదగ' అనే పాత మాట ముందూ వెనకా అరిగి అలా మిగిలింది!

అసలు చుట్టరికం ఉన్నచోట శబ్దాలు అచ్చంగా కలవనక్కర్లేదు, ఒకే పద్ధతిలో తేడా పడాలి. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పది హత్తు. మొదటి పకారం వరసగా హకారమైంది. పాత కన్నడంలో అక్కడ పకారమే ఉండేది. చెవి–కివి, చెరువు–కెరె, చెడు–కెడు చూడండి, అక్కడా ఒక బాట కనిపిస్తుంది. కొరియన్‌తో అలాంటి వరస ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాం. 1905లో హల్బర్ట్ అనే అమెరికా దేశస్థుడు కొరియన్, ద్రావిడ వ్యాకరణాలు పోలుస్తూ పుస్తకమే రాశాడు, అయినా ఇప్పటి భాషావేత్తలు ఆ వాదాన్ని ఒప్పుకోవడం లేదు.

ఇంకో పరీక్ష ఉంది, దీనికి నిఘంటువు చాలు. పిలుపు మాట వదిలి మర్యాద మాట చూడాలి. కొరియన్‌లో తండ్రికి మర్యాద మాట అబొజి. మనది తండ్రి, కన్నడం తందె, తమిళం తందై. పాత తమిళంలో ఎందై అంటే నా తండ్రి, నుందై నీ తండ్రి, తందై తన తండ్రి. అంటే మన తండ్రిలో 'తన' దాగుంది. ఇంత లోతున కలిసేదే చుట్టరికం.

మా దగ్గర ఈ పరీక్ష రోజూ అక్కరకొస్తుంది. గుణుపురం సంతలో ఒడియా, తెలుగు, సవర మూడు వేర్వేరు కుటుంబాల భాషలు. ఒడియాలో గాళి అంటే తిట్టు, సంస్కృత 'గాలి' నుంచి వచ్చింది. కన్నడ గాళి మన గాలే, వీచేది. శబ్దం ఒకటే, పుట్టిళ్ళు రెండు. ఒడియా పాణి అంటే నీళ్ళు, పానీయం నుంచి ప్రాకృతం మీదుగా దిగింది. చక్రపాణిలో పాణి చెయ్యి. పాణిగ్రహణానికి బిందెలు అక్కర్లేదు.

కొరియా సంగతి ఎలా ఉన్నా, అప్ప విషయంలో పొరబడితే ఇక్కడ నష్టం ఉంది. తెలుగులో చెబితే ఒడియాలో రాసుకునే పంపకాల కాగితాల్లో, వారసత్వ ధ్రువపత్రాల్లో 'అప్ప వాటా' అన్న ముక్క తండ్రి వాటాగా పడితే ఆడపడుచు పేరే ఎగిరిపోతుంది. మీ పేజీ చదివినవాళ్ళు ఆ అర్థమే ఖాయమనుకునే ప్రమాదం ఉంది. రాయించేవాళ్ళు అప్ప, అయ్య లాంటి పిలుపులు వాడకుండా అక్క, తండ్రి అనే చెప్పాలి. ఒడియా ప్రతిలో 'బడ భఉణీ' ఉందో 'బాపా' ఉందో చదివించుకున్నాకే వేలిముద్రో సంతకమో పెట్టాలి. వరస పక్కన మనిషి పేరు తప్పకుండా ఉండాలి. మీరు సవరణ వేసేట్టయితే ఈ ముక్క కూడా వేయండి.

— తెలుగు భాషాధ్యాపకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా